నెల, నేల

అన్నపూర్ణమ్మ కళ్ళకు పొర కమ్మి రెండేళ్ళయింది. బస్తరు ఇంకా రాజ్యంగా ఉన్న రోజులవి. కొంటాలో ఆమె కొడుకు కాశయ్యది ఉప్పు కొట్టు, దాని వెనకే ఇల్లు. పక్క కొట్టు రామనాథానిది. మధ్యలో ఉన్నది ఒక వెదురు తడిక.

భద్రాచలంలో కాపురముంటున్న కూతురు సుశీల ఉత్తరం రాస్తే చదివే దిక్కు ఆ రామనాథమే. మనిషి మంచివాడే. కాకపోతే కడుపులో మాట దాగదు. సుశీల మొదటిసారి కడుపుతో ఉన్నానని రాస్తే కొట్లో కూర్చుని గొంతెత్తి చదివాడు, సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. నాలుగో నెలలో అది కాస్తా పోయాక, శబరి ఒడ్డున బిందె దించిన ప్రతి ఆడదీ అయ్యో పాపం అంది. రెండోసారీ అంతే. ఆ అయ్యోలు వినీ వినీ అన్నపూర్ణమ్మ ప్రాణం విసిగిపోయింది. మళ్ళీ అలాంటి ఉత్తరం వస్తే అది గడప దాటకూడదని గట్టిగా అనుకుంది.

మరి ఇంట్లో చదివేదెవరు? కోడలికి అక్షరం ముక్క రాదు. కాశయ్య చిన్నప్పుడు గుణింతం పాటలాగా బట్టీ పట్టాడు. మధ్యలో ఒక్క అక్షరం చూపిస్తే మాత్రం, మొదట్నుంచీ పాడుకుంటూ వస్తేగానీ అదేమిటో చెప్పలేడు. అందుకే ఏడేళ్ళ మనవరాలు కనకానికి ఆమె పాట నేర్పలేదు. చప్పుడు నేర్పింది.

చేటలో ఇసుక పోసి, కళ్ళతో పనిలేకుండా చేతి అలవాటుతో అక్షరం గీసేది. పిల్ల పెదాల మీద వేలు పెట్టి, "ప అంటే పెదాలు ఎట్ల ఇడిపోయినయో చూడు" అనేది. పొట్టి అక్షరానికి పిల్ల తొడ మీద ఒక్క దెబ్బ, పొడుగు అక్షరానికి రెండు. తప్పో ఒప్పో చెవితోనే తేల్చుకోవాలి కనక, "గట్టిగ పలుకు, నాకు ఇనపడాలె" అని రోజూ అరిపించేది.

"అక్కా, మీ పాఠానికి మా కొట్ల ఎలుకలకు గూడ చదువొచ్చింది!" అని తడిక అవతల్నుంచి రామనాథం నవ్వేవాడు.

ఒత్తులు కూడా వచ్చాయి గానీ కనకానికి ఒక్కటి పట్టుబడలేదు. ఎ, ఏ రెండూ ఆ పిల్లకి ఏ నే. మెడ అంటే మేడ అనేది, నెల అంటే నేల అనేది. "మా ఇస్కూల్ల హిందీకి ఒక్కటే ఏ, నాయనమ్మా. నీ తెలుగుకు రెండెందుకు?" అని పోట్లాడేది. ఆరు నెలలు ఒక్క దెబ్బ, రెండు దెబ్బలు అంటూ కొట్టి కొట్టి ముసలమ్మ చెయ్యి నొప్పెట్టింది. ఇక నా వల్ల కాదు అని రోజూ అనుకునేది. మర్నాడు మళ్ళీ చేట ముందు కూలబడేది.

ఆషాఢంలో ఒక పొద్దున టపా మనిషి కవరు ఇచ్చి పోయాడు. అన్నపూర్ణమ్మ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

కనకం కూడబలుక్కుంటూ చదివింది. "అ...మ్మా. నా...కు మ...ళ్ళీ నే...ల త...ప్పిం...ది."

నేల తప్పడమేంటి? కాలు జారి పడిందా? అన్నపూర్ణమ్మ ఆలోచనలో పడింది. పడితే ఇంత తీరిగ్గా ఉత్తరం రాస్తుందా?

"ఆ అక్షరం ఎట్లుందో అట్లే ఇసుకల గియ్యి, తల్లీ."

కనకం కాగితం చూస్తూ గీసింది. ముసలమ్మ ఆ గాడి వెంట చూపుడువేలు నడిపించింది. పైన చిన్న వంపు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. ఏత్వానికి ఉండాల్సిన తోక లేనే లేదు. సంతోషం, భయం ఒక్కసారే వచ్చాయి ఆమెకు. పిల్ల తొడ మీద మెల్లగా ఒక్క దెబ్బ వేసింది.

కనకం ముఖం విప్పారింది. "నె!" అని అరిచింది. "నెల! నాకు మళ్ళీ నెల తప్పింది! నాయనమ్మా, నాకొచ్చింది!"

తడిక అవతల తక్కెడ చప్పుడు ఆగింది.

"అక్కా! సుశీలమ్మకు మళ్ళా నెల తప్పిందా? సల్లని మాట ఇన్నం. మా ఇంటామెకు ఇప్పుడే చెప్పొస్తా."

చెప్పులు టపటపమంటూ వీధిలోకి వెళ్ళిపోయాయి. పిలిచి ఆపుదామనుకుంది గానీ ఆమెకు ఓపిక లేకపోయింది. అరవడం నేర్పింది తనే. ఇక ఎవరిని తిట్టుకోను?

"ఇంకో వరుసుంది నాయనమ్మా," అంది కనకం భయంగా.

"మెల్లగ చదువు బిడ్డా."

ఆరు నెలల్లో మొదటిసారి ఆ పిల్ల గొంతు తగ్గించి, ఎ ని పొట్టిగానే, ఎక్కడా తప్పు లేకుండా చదివింది.

"ఈసారి ఎవ్వరికీ తెలియనియ్యకమ్మా."