అత్త ఏడవలేదట

మా మేనత్త మాట మొదలుపెట్టిందంటే ఎదుటివాడికి సందు దొరకదు. వీధిలో అందరూ ఆవిణ్ణి రేడియో అంటారు. అలాంటి మనిషిని ఒక విదేశీ రచయిత తన పుస్తకంలో మౌనదేవతను చేసి కూర్చోబెట్టాడు.

అత్త బౌద్ధ ధ్యానకేంద్రంలో హాలు ఊడ్చి, చాపలు దులిపి పరిచేది. నేను అక్కడే విదేశీయులకు మాటలు అనువదించేదాన్ని. మామయ్య చనిపోయిన నెలలోనే ఆ రచయిత దిగాడు. ఏడ్చి ఏడ్చి అత్తకు అప్పటికి గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని పనికి వచ్చేది. ఆయన ఏం అడిగినా తలూపేది. ఆయనకు అదే జ్ఞానోదయంలా కనిపించింది కాబోలు. ఆవిడ ఎందుకు మాట్లాడదని నన్ను ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా! అడగలేదు. భర్త పోయినా కన్నీటి చుక్క రాల్చలేదనీ, అంతా అనిత్యమన్న సంగతి ఈ తూర్పు దేశపు ఆడవాళ్లకు పుట్టుకతోనే తెలుసనీ ఒక అధ్యాయం రాసిపడేశాడు. ఇలాంటి పుస్తకాల్లో మనకు ఆకలి వెయ్యదు, ఒళ్లు మండదు, చిరునవ్వు మాత్రం చెరగదు.

చదివి వినిపిస్తే అత్త మొహం కందగడ్డయింది.

"నేను ఏడవలేదా? ఆయన్ని అంత తేలిగ్గా వదిలేశానా? రేపు నా పిల్లలు ఇది చదివితే ఏమనుకుంటారే?"

పుస్తకం చదివినవాళ్లు ధ్యానకేంద్రానికి గుంపులుగా రాసాగారు. మేనేజరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూడమ్మా, వాళ్ల ముందు నోరు మెదపకు. మెదిపావో, పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు అత్తతో.

ఒకరోజు రచయితే తన పాఠకులను వెంటబెట్టుకొచ్చాడు. అత్తను హాలు మధ్యలో కూర్చోబెట్టారు. గుంపులోంచి ఒకావిడ వచ్చి ఆమె ఎదుట కూలబడింది. కూతురు పోయి ఏడాది కూడా కాలేదట. "మీలా ఏడవకుండా ఉండటం నాకు చేతకావడం లేదు. నేర్పండి" అంది. అత్తకు చెప్పాను.

అత్త మేనేజరు వైపు చూసింది. ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఆ వేలు తియ్యవయ్యా!" హాలు దద్దరిల్లింది. "ఏడువు తల్లీ. బిడ్డ పోతే ఏడవక ఏం చేస్తావు? నేనూ ఏడ్చాను. గొంతు పోయేదాకా ఏడ్చాను. ఈ పెద్దమనిషి నన్ను చూసింది అప్పుడే."

"అంతా అనిత్యం అంటోందని చెప్పు" అని మేనేజరు నా చెవిలో గొణిగాడు. నాకు ఒళ్లు మండింది. ఇద్దరి పనీ ఊడుతుందని తెలిసే, అత్త అన్నది పొల్లుపోకుండా చెప్పాను. రచయిత మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఆవిడ భోరుమంది. అత్త ఆమె తలను ఒళ్లోకి లాక్కుంది. మామయ్యను పేరు పెట్టి పిలుస్తూ, ఆ రచయిత చూస్తుండగానే, తనూ గొంతెత్తి ఏడ్చింది.