కమాండర్ ఎడమచెయ్యి

నిన్న సాయంత్రం నుంచి నా చేతికి చింతపండూ కంచూ కలిసిన పుల్లటి వాసన వస్తోంది. సబ్బుతో కడిగినా పోలేదు, పోవాలని నాకూ లేదు. ఇళ్ళల్లో స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు చూసి పెరిగిన ఇప్పటి పిల్లలకు ఈ వాసన ఎంత చెప్పినా తెలియదు. నాకు మాత్రం ఇది పెరటాసి వాసన, మా అరవ సరిహద్దు ఊళ్ళల్లో సెప్టెంబరు నడిమి నుంచి వచ్చే నెల.

సత్యవేడుకూ పులికాట్ సరస్సుకూ మధ్య ఉన్న చిన్న ఊరు మాది. నాలుగురోడ్ల కూడలిలో నాయనకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. పెరటాసి వచ్చిందంటే శనివారాలన్నీ వెంకటేశ్వరస్వామివే. నొసట నామాలు పెట్టుకుని, పసుపు పూసిన చెంబులు పట్టుకుని, "గోవిందా" అని అరుచుకుంటూ పిల్లలమంతా ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కునేవాళ్ళం. కలిగినవాళ్ళ పిల్లలు కూడా ఆ నెల అడుక్కోవలసిందే, అందులో ఎవరికీ నామోషీ లేదు. మధ్యాహ్నానికి అరిటాకు మీద పులిహోర, చక్కెరపొంగలి, మిరియాల వడలు, పెరుగన్నం కుప్పలుగా పోసి స్వామికి తలిగ వేసేవాళ్ళు. కర్పూరం ఆరకముందే మా చూపులన్నీ వడల మీదకు పోయేవి. అంతకు ముందు పొద్దున్నే వీధిలోని ఆడవాళ్ళు గంగాళాలూ దీపపుసెమ్మెలూ తెచ్చి, మా అంగడి ముందు కొళాయి దగ్గర కూర్చుని, చింతపండు, ఉప్పు, ఇటుకపొడి వేసి కొబ్బరి పీచుతో తోమేవాళ్ళు. ఎవరి చెంబు ఎక్కువ మెరిస్తే ఆ వారమంతా వాళ్ళదే పైచేయి.

ఆ గుంపులో మునెమ్మవ్వ ఎప్పుడూ ఉండేది. పులికాట్ ఒడ్డు నుంచి చేపలు, రొయ్యలు తెచ్చి అమ్మే మనిషి. పెరటాసిలో ఎవరూ నీసు ముట్టరు కాబట్టి నెలంతా ఆమెకు పని ఉండదు. ఖాళీగా కూర్చోవడం చేతకాక ఊరందరి బిందెలూ తోమి పెట్టేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు నౌకాదళంలో కమాండర్. ఓడలో మంటలు లేస్తే తన కింది మనుషులందరినీ పడవల్లోకి దించి, ఆఖరివాడి కోసం మళ్ళీ లోపలికి వెళ్ళి తాను తిరిగి రాలేదు. ఇంటికి టోపీ, పతకం వచ్చాయిగానీ మనిషి రాలేదు.

"అందరి బిడ్డలకీ ఒక గుంతుండాది. నా బిడ్డకు సముద్రమంతా ఉండాది. పువ్వు యాడని పెట్టేది?" అనేది మా అరుగు మీద కూర్చుని. నాయన ఆమెకు టీ తెప్పించేవాడు.

అటువంటి ఒక పెరటాసిలో, శుక్రవారం నాడు, కమాండర్ లారీలో ఊరికి వచ్చాడు. సర్కారు చేయించి, గడ్డిలో చుట్టి పంపిన నిలువెత్తు కంచు విగ్రహం. కూడలిలో మోకాలెత్తు అరుగు కట్టి నిలబెట్టారు. టోపీ, గుండీలు, బూట్లు, కుడిచేతిలో దుర్భిణి, తొడ పక్కన వదులుగా వేలాడే ఎడమచెయ్యి. ముక్కూ గడ్డమూ అచ్చం మునెమ్మవ్వవే. అంతా బాగుంది, రంగు ఒక్కటే మా వీధికి నచ్చలేదు. కాచిన చింతపులుసులా ముదురు గోధుమరంగులో ఉన్నాడు. ఇత్తడి అంగడి నీడలో బతికే మాకు అర్థమైంది ఒక్కటే, దారిలో చిలుము పట్టిందని. ఆదివారం ఆవిష్కరణ. మాసిన మొహంతో పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెడతామా?

శనివారం తెల్లవారగానే మొదలుపెట్టాము. నలుగురు ఆడవాళ్ళు స్టూళ్ళెక్కి భుజాలూ ఛాతీ పట్టారు. మొహం మాత్రం మునెమ్మవ్వ ఎవరికీ ఇవ్వలేదు. కొంగు తడిపి చెవుల వెనక దాకా రుద్దింది. బూట్లు నా వాటా. వాటిని తోమినందుకు నాకు ఇవాళ్టికీ గర్వమే. ఆ రోజు తలిగ ఆలస్యమైంది, స్వామి ఏమీ అనుకోలేదు. సాయంత్రానికి కమాండర్ కొత్త గంగాళంలా ధగధగలాడుతూ సముద్రం వైపు చూస్తున్నాడు.

మర్నాడు గుడ్డ లాగగానే జనం ఈలలు వేశారు. శిల్పి ఒక్కడే రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. అరవదేశం మనిషి, నెమ్మదస్తుడు.

"అది మురికి కాదమ్మా. మందు పూసి, మంట చూపి, నేనే తెప్పించిన రంగు" అన్నాడు.

"నీ బిడ్డయితే నల్లబెట్టుకో సామీ. మాసిన మొగంతో నా బిడ్డను నలుగుర్లో నిలబెడితే నేను సూస్తా ఉండేదానా?" అంది మునెమ్మవ్వ.

విగ్రహం పని చూడటానికి వచ్చిన సర్కారు ఇంజనీరుకు మొహం ఎర్రబడింది. శిల్పితో మళ్ళీ రంగు వేయిస్తామని, ఎవరూ తాకకుండా మనిషెత్తు ఇనుపకంచె కట్టి తాళం వేస్తామని చెప్పాడు. అంతవరకూ జంకని మునెమ్మవ్వ ఆ మాటకు విగ్రహం కాళ్ళ దగ్గర కూలబడింది.

"తాళమేస్తే నేను యాడికి పోయేదయ్యా? వాడు నాకు దొరికిందే నిన్న" అంది.

నాయన గొంతు పెంచి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. "ఆమె కన్నతల్లప్పా. దండలేసే పెద్దమనుషులకు లేని తాళం ఆమెకెందుకు? కంచె కట్టేదుంటే ముందు నా అంగడికి కట్టు" అన్నాడు. ఊరంతా నాయన వెనక నిలబడింది. ఇంజనీరు శిల్పి వైపు చూశాడు.

శిల్పి మునెమ్మవ్వ పక్కన గొంతుకూర్చున్నాడు. "అంతా తోమొద్దు తల్లీ. ఒక్క చోటు చెప్పు, అది నీకు వదిలేస్తాను. మిగతాది నాది."

మొహం అడుగుతుందని అందరం అనుకున్నాము. ఆమె లేచి ఎడమచెయ్యి పట్టుకుంది.

"ఇది సాలు. తలమీద తట్ట ఒక సేత్తో, ఇది ఒక సేత్తో పట్టుకోని బడికి పిలుసుకొని పొయ్యేదాన్ని" అంది.

కంచె రాలేదు. వారం తిరిగేసరికి కమాండర్ మళ్ళీ ముదురురంగు మనిషయ్యాడు, ఎడమచెయ్యి తప్ప. అది మునెమ్మవ్వది. పెరటాసి అని లేదు, ఆడి నెల అని లేదు, చేపల తట్ట ఉంటే అది దించీ దించగానే, లేకుంటే పొద్దున్నే, ఇంత చింతపండు తీసి తోమేది, పువ్వు పెట్టేది, కాసేపు పట్టుకుని నిలబడేది. బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి చూసి నవ్వేవాళ్ళు. మాకు నవ్వు రాలేదు. నేను కాలేజీ చదువు ముగించి ఊరు వదిలేదాకా ఆ చెయ్యి మెరుస్తూనే ఉంది.

ఆమె పోయి చాలా కాలమైంది. నాయన అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. చేపలు థర్మాకోల్ పెట్టెల్లో ఐసు వేసుకుని వ్యాన్లలో వెళ్తున్నాయి, తట్ట ఎత్తుకున్న మనిషి కనబడదు. శ్రీ సిటీ ఫ్యాక్టరీల బస్సుల కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు కమాండర్‌ను తీసి, రెండు నిలువుల గట్టు మీదకు ఎక్కించారు. గౌరవం పెరిగింది, చెయ్యి అందకుండా పోయింది. కింద నుంచి చూస్తే రెండు చేతులూ ఒకే నలుపు.

నిన్న పెరటాసి శనివారం. దండ వేయడానికి పంచాయతీ కుర్రవాడు నిచ్చెన వేస్తుంటే, నన్నూ ఎక్కనివ్వమన్నాను. "ఆయన మీకేమవుతాడమ్మా?" అన్నాడు. మా వీధాయన అన్నాను. నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

దగ్గర నుంచి చూశాను. కుడిచేతికి నరాలున్నాయి, గోళ్ళున్నాయి, కణుపుల మీద ముడతలున్నాయి, ఓడ నడిపిన మగవాడి చెయ్యి. ఎడమచేతికి అవేవీ లేవు. ఆమె చింతపండూ ఇటుకపొడీ ఏళ్ళ తరబడి అన్నిటినీ అరగదీసేశాయి. నున్నగా, గుండ్రంగా, బడికి వెళ్ళే పిల్లవాడి చెయ్యి మిగిలింది. సంచిలోంచి చింతపండు తీశాను.