మూడు రోజుల వారం

ఉత్తర ఘానాలోని బోల్గతంగా సంతలో గడ్డి అమ్మే వైపు, రేకుల షెడ్డు కింద, ఆ గురువారం పొద్దున్నే నలభైమంది బుట్టలల్లే ఆడవాళ్ళు చేరారు. కూర్చున్నది మనుషులే, చేతులు కాదు. గడ్డిపరకను పంటితో చీల్చడం, అరచేతుల మధ్య పేనడం, అల్లడం ఆగకుండా సాగుతూనే ఉన్నాయి. వాళ్ళ మధ్య, బోర్లించిన బుట్టమీద లాప్‌టాప్ పెట్టుకుని అబీబా ఉంది.

వాళ్ళ సంఘం వెబ్‌సైటు ఆమె కట్టిందే. సోమవారం నుంచి అది మొరాయిస్తోంది. కొనేవాళ్ళు బుట్ట ఎంచుకుంటున్నారు, చిరునామా రాస్తున్నారు, డబ్బు కట్టబోయేసరికి తెల్ల పేజీ.

"దుకాణం తలుపు బార్లా తీశావు, లోపల గోడ కట్టావు. బాగుందమ్మాయ్!" అన్నాడు సంఘం కార్యదర్శి అకోల్గో.

"గోడ ఎవరు కట్టారో చూస్తున్నా బాబాయ్. నువ్వు కాస్త వెలుతురు వదులు."

మధ్యాహ్నానికి తేలాలి. రాజధాని ఆక్రాలో ఒక కంపెనీ తరఫున క్వాన్సా అనే అతను ఫోన్ చేస్తాడు. దుకాణం మొత్తం తామే నడుపుతామని వాళ్ళు ముందుకొచ్చారు. ఇప్పుడు ప్రతి బుట్ట ఫొటో కింద అల్లినామె పేరు, ఊరు ఉంటాయి. వాళ్ళొస్తే ఆ చోట కంపెనీ పేరుంటుంది. సరుకు శుక్రవారం శుక్రవారం ఎత్తుతారు. అతను ఫోన్ చేసేలోగా సైటు బాగుపడకపోతే 'సరే' అనాలని పోయిన సంతలోనే సంఘం తీర్మానించింది.

శుక్రవారమైతే ఏమైందని బయటివాళ్ళకు అనిపిస్తుంది. ఇక్కడ సంత మూడు రోజులకొకసారి. న్యారిగా నుంచి, సుంబ్రుంగు నుంచి ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేది ఆ రోజే. దక్షిణానికి లారీ కదిలేదీ ఆ సాయంత్రమే. శుక్రవారం సంత కాకపోతే? అప్పుడు సరుకు దాచిపెట్టేవాడొకడు కావాలి. వాడే దళారీ. తల్లి అల్లిన బుట్టను వాడు సగం ధరకు లాక్కుపోవడం అబీబా చిన్నప్పుడు కళ్ళారా చూసింది. ఏడేళ్ళకే అల్లడం పట్టి, తన బడి పరీక్ష ఫీజు తానే కట్టుకున్న మనిషి. ఇంటర్నెట్ కొట్టులో ఊడ్చే పని చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా వెనక కుర్చీలో కూర్చుని వెబ్‌సైటు కట్టడం నేర్చుకుంది. ఎవరూ దానం చేసిన చదువు కాదది.

బుట్ట వంకరపోతే అల్లేవాళ్ళు అంచు పట్టి లాగరు. వంకర ఎక్కడ మొదలైందో ఆ వరసదాకా విప్పుతారు. అబీబా పనితీరూ అంతే. 'కాసేపు మూసి ఉంది' అని సైటుకు బోర్డు తగిలించింది. ముందు సైటుకు నకలు తీద్దామంటే చోటు లేదు. నెలల తరబడి తీసిన పాత నకళ్ళు గుట్టపడి ఉన్నాయి. చివరి మూడూ ఉంచి మిగతావి చెరిపేసి, కొత్త నకలు తీసుకుంది. తర్వాత ప్లగిన్లన్నీ, అంటే దుకాణానికి అదనంగా తగిలించిన పనిముట్లన్నీ, ఆపేసి ఒక్కొక్కటే తిరిగి వెలిగించసాగింది. ఫొటోలు చిన్నవి చేసేది వెలిగించింది, పేజీ తెరుచుకుంది. మొబైల్ డబ్బు తీసుకునేది వెలిగించింది, తెరుచుకుంది. సరుకు పంపే తేదీ చెప్పేది వెలిగించింది.

తెల్ల పేజీ.

"దొరికాడా దొంగ?" అంది సంఘం పెద్ద అజుంపాకా, నోట్లో గడ్డిపరక తీయకుండానే.

"ఏ ఇంట్లో దూరాడో తెలిసింది పెద్దమ్మా. ఏం పట్టుకుపోయాడో చూడాలి."

అబీబా ఆ ప్లగిన్ ఫోల్డర్ తెరిచి చూసింది. సంత రోజులు లెక్కగట్టే ఫైలు అందులో లేదు. అది తను స్వయంగా రాసింది. రెండేళ్ళ కింద, తొందరలో, ఇంకెవరో తయారుచేసిన ఆ ప్లగిన్ ఫోల్డర్‌లోనే పడేసింది. సోమవారం ఆ ప్లగిన్ కొత్త వెర్షన్ దానంతటదే దిగింది. దిగుతూ ఫోల్డర్‌ను ఊడ్చిపారేసింది. పేజీ ఇప్పుడు లేని ఫైలును పిలుస్తూ నిలబడిపోతోంది.

దాచుకుంటే దాగే తప్పే. అక్కడెవరికీ తెలియదు. కానీ అబీబా గొంతు సవరించుకుంది.

"తప్పు నాదే. పరాయి వాళ్ళ వాకిట్లో మన గుడిసె వేశాను. వాళ్ళు ఇల్లు కొత్తగా అలుక్కుంటూ దాన్ని తీసేశారు. వాళ్ళననడానికి లేదు."

"మరి ఇప్పుడు గుడిసేదీ?" అన్నాడు అకోల్గో.

"మన స్థలంలో వేస్తా."

పోయిన నెల నకల్లో ఆ ఫైలు భద్రంగా ఉంది. దానికి సొంతంగా ఒక ఫోల్డర్ చేసి, విడి ప్లగిన్‌గా నిలబెట్టింది. పేజీ తెరుచుకుంది. ఆడవాళ్ళు కేక వేశారు. అజుంపాకా మాత్రం చెయ్యెత్తింది.

"ఆగండే. ఈ రోజు సంత. నాలుగో సంత ఎప్పుడో దాన్నడుగు."

అబీబా నొక్కింది. "గురువారం అంటోంది."

అజుంపాకా గడ్డిపరకలు మూడేసి చొప్పున పక్కకు జరిపింది. "ఆదివారం, బుధవారం, శనివారం, మంగళవారం. మంగళవారం రావాలి కదే! గురువారం ఇక్కడికొస్తే మేకలు తప్ప మనుషులుండరు."

షెడ్డంతా ఘొల్లుమంది. అకోల్గో చేతి గడియారం వంక చూశాడు.

అబీబా లాప్‌టాప్ దగ్గరకు జరుపుకుంది. మళ్ళీ విప్పింది. లెక్క తప్పింది తన ఫైలు కాదు. తేదీల ప్లగిన్ కొత్తగా ఆదివారాలను సెలవులని కొట్టేస్తోంది. మూడు చొప్పున నడిచే లెక్కలోంచి మధ్యలో రోజులు మాయమైతే సంత ముందుకు జారదూ? ఆదివారం చర్చి ఉంటుంది, సంతా ఉంటుంది. బోల్గాలో ఒకటి ఇంకొకదాన్ని ఎప్పుడూ ఆపలేదు. రెండు ప్లగిన్లూ ఒకే తేదీమీద చెయ్యివేయకుండా, సంత మాటే చెల్లేటట్టు నాలుగు వరసలు రాసింది.

"మంగళవారం," అంది.

"పదో సంత?"

"శనివారం."

అజుంపాకా పరకలు జరిపింది. చుట్టూ ఉన్నవాళ్ళు పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. ముసలామె ముఖం విప్పారింది. "ఇది మా అత్తగారికన్నా వేగంగా చెప్తోందే!"

బోర్డు తీసేశారు. క్వాన్సా ఫోన్ చేసేటప్పటికి ఒక ఆర్డర్ కూడా వచ్చింది. న్యారిగా ఊరి తలాటా అల్లిన గుండ్రటి బుట్టకు. తలాటా తన పేరు తెరమీద వేలితో తడిమి చూసుకుంటోంది.

"సిస్టర్, ప్రపంచమంతా ఏడు రోజుల వారం," అన్నాడు క్వాన్సా ఫోన్‌లో. "మీ ఒక్క సంత కోసం పట్టుబడితే ఎలా? ఆ ముక్క తీసేయండి, గొడవే ఉండదు."

"ఆ ముక్క తీసేస్తే మేముండం అయ్యా," అంది అజుంపాకా. "మా దుకాణం తెరిచే ఉంది. నీకు బుట్ట కావాలంటే కొనుక్కో. ఆదివారం సంతకు పంపుతాం."

ఫోన్ పెట్టేసి కార్యదర్శి వైపు తిరిగింది. "రాయి. దుకాణం మనదే. చూసుకునేది అబీబా."

అకోల్గో పుస్తకం తీసి రాశాడు. ఈసారి వెటకారం లేదు.

"ఇంకో మాట కూడా రాయి బాబాయ్," అంది అబీబా. "మన ఫైలు పరాయి ఫోల్డర్‌లో పెట్టకూడదని. నేను పెట్టానని, అందుకే మూడు రోజులు మూతపడిందని. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే పిల్లకు తెలియాలి."

"తప్పు కూడా పుస్తకంలోకి ఎక్కిస్తావా?"

"బుట్ట కింద పేరు రాసుకున్నవాళ్ళం. దీని కింద రాసుకోమా?"

అజుంపాకా లేచి చీర కొంగులా భుజంమీద వేసుకున్న బట్ట దులుపుకుంది. బయట బేరాలు మొదలయ్యాయి. "రాయి," అంది. "అబీబా పేరుతోనే రాయి. రాసి పుస్తకం నాకివ్వు, నా వేలిముద్ర వేస్తాను."