మూడు బండ్లు, ఒకటే బస్సు

నలుగురు వీరులు, మూడు వాహనాలు, అడవి గుండా ఒక దారి, ఆ దారిలో మాయమైపోయిన ఒక మనిషి, వాడి కోసం వెతుకులాట. తరతరాలు చెప్పుకోదగ్గ వీరగాథ రాద్దామనే కూర్చున్నాను. రెండు వాక్యాలు రాసేసరికి మనస్సాక్షి అడ్డొచ్చింది. ఆ వీరుల్లో ఒకాయనకు బండి నడపడమే రాదు. ఒక వాహనానికి పాలక్యాన్లు తగిలించుకునే కొక్కేలుండేవి. అడవిలో మాకు ఎదురైన అతి భయంకరమైన జంతువు ఒక మేక. అది కూడా మమ్మల్ని చూసి మర్యాదగా పక్కకు తప్పుకుంది. కాబట్టి వీరగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది మునెప్పన్న గురించి.

పోయిన వారం పుంగనూరు బస్టాండు ఎదురుగా నిలబడి టీ తాగుతున్నాను. బయటికొస్తున్న బస్సులోంచి ఒక్క విజిలు, దాని వెనకే "హోల్డాన్!" అని కేక. నా కుడికాలు టపీమని నేలను తొక్కింది. అంటే, బ్రేకు వేశాను. చేతిలో ఉన్నది టీ గ్లాసు, కాలికింద ఉన్నది పుంగనూరు నేల. నేల ఎటూ కదల్లేదు గానీ టీ మాత్రం చొక్కా మీదికి వచ్చేసింది. "ఏమప్పా, చీమ కుట్టిందా?" అన్నాడు టీకొట్టాయన. "లేదప్పా, కండక్టరు కుట్టినాడు" అన్నాను. ఆయన నన్ను ఇంకో రకంగా చూసి లోపలికి పోయాడు. ఆయనకు విషయం చెప్పాలంటే తొంభైల చివరి రోజుల్లోని మదనపల్లెకు, మా వీధికి తీసుకుపోవాలి. ఆయనకేమో పొయ్యి మీద పాలున్నాయి.

మా ఎదురింటి మునెప్పన్న బస్సు కండక్టరు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఉద్యోగాన్ని బస్సులో దించి రావడం ఆయనకు చేతనయ్యేది కాదు. ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే చాలు అనడానికి "హోల్డాన్" అనేవాడు. మారు అన్నం కావాలంటే "రైట్" అనేవాడు. జీవితమంతా చక్రాల మీద గడిపిన మనిషి సైకిలు కూడా తొక్కలేడంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అడిగితే సిగ్గుపడకపోగా గర్వంగా చెప్పేవాడు: "ముందర సూసేదానికి డ్రైవరుండాడు. ఎనక సూసేదానికి నేనుండా. రెండూ ఒకడే సూస్తే బస్సుకు ఇద్దరెందుకప్పా?"

అలాంటి మనిషి మా బైకుల గుంపులోకి రావడానికి కారణం మా అమ్మ. ఆదివారం వస్తే మేం ముగ్గురం పుంగనూరు పోయేవాళ్లం. పుంగనూరులో మాకు పనేమీ ఉండేది కాదు. మదనపల్లెలోనూ ఉండేది కాదు కనుక అక్కడికి పోయేవాళ్లం. నాది మా నాయన స్కూటరు. మామ బట్టలకొట్లో పనిచేసే ఖాదర్‌ది యమహా. పెద్దతిప్పసముద్రం వైపు పల్లె నుంచి వచ్చే చంద్రది, పొద్దున్నే పాలు పోసి ఖాళీ అయిన మోపెడ్. ఒకసారి నేను మోచేయి గీసుకుని వచ్చాక మా అమ్మ తేల్చిచెప్పింది: "మునెప్ప ఎంట ఉంటేనే పో. లేకుంటే స్కూటరు తాళం మీ నాయన కాడుంటాది." మునెప్పన్నకు సెలవు కూడా ఆదివారమే. ఆ రోజు నుంచి ఆయన నా వెనక సీట్లో, జేబులో డ్యూటీ విజిలుతో ఎక్కేవాడు. సెలవు రోజు విజిలెందుకని అడిగితే, "నువ్వు సెలవు దినం మూతి ఇంట్లో పెట్టి వస్తావా?" అన్నాడు.

మా గుంపుకు ఒకే ఒక్క సమస్య. మూడు బండ్లూ ఒకే దారిలో పోయేవి, ఒకే వేళకు మాత్రం పోయేవి కావు. ఖాదర్‌కు నిదానంగా పోవడమంటే ఒంట్లో బాగాలేనట్టు. చంద్ర మోపెడ్ దిగువకు, గాలి కలిసొస్తే, ఉత్సాహంగా పోయేది. మిగతా దారంతా ఆలోచించుకుంటూ పోయేది. నేను ఇద్దరి మధ్య. ఖాదర్ పుంగనూరు చేరి రెండు టీలు తాగి గోడ మీద కాళ్లూపుకుంటూ ఉంటే నేను చేరేవాణ్ణి. నా టీ అయ్యేసరికి కనుబొమల దాకా దుమ్ముతో చంద్ర వచ్చేవాడు. వాడు స్టాండు వేయకముందే ఖాదర్ కిక్ కొట్టేవాడు: "వచ్చినాడు గదా, పోదాం పా." కొన్ని వారాలు ఇలా జరిగాక చంద్ర రావడం మానేశాడు. అడిగితే బర్రెకు బాగాలేదనేవాడు. వాళ్ల బర్రెలకు ఆదివారం ఆదివారం జబ్బు చేస్తోందని మేమిద్దరం నిజంగానే నమ్మాం.

మునెప్పన్న నమ్మలేదు. ఒక ఆదివారం చంద్రను ఇంటికి పోయి మరీ పిలుచుకొచ్చాడు. పుంగనూరులో ఖాదర్ ఎప్పటిలాగే కిక్ మీద కాలు పెట్టగానే బండి తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"ఖాదరూ, ఎన్ని టీలు తాగితివి?"

"రెండన్నా."

"శీనా, నువ్వు?"

"ఒకటి."

"చంద్ర?"

"వాడిప్పుడే గదన్నా వచ్చింది" అన్నాడు ఖాదర్.

"అందరికన్నా ఎక్కువ సేపు బండి మీద ఉన్నోడికి టీ లేదు. కాలు మీద కాలేసుకోని కూసున్నోడికి రెండు. ఇదేం బస్సప్పా?"

"బస్సేందన్నా, మూడు బండ్లు గదా."

"మూడు బండ్లు కాదురా, ఒకటే బస్సు. మద్దెలో రేకు లేదు, అంతే. ముందర తలుపు పుంగనూరికొచ్చి ఎనక తలుపు ఇంకా దారిలో ఉంటే, బస్సొచ్చిందంటావా?"

ఖాదర్ బండి దిగి చంద్రకు టీ చెప్పాడు. బస్సొచ్చిందా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చలేదు, మొన్న అడిగాను. ఆ రోజు నుంచి బస్సు పద్ధతి వచ్చింది. నిదానంగా పోయేవాడు ముందు పోవాలి. చివర వచ్చినవాడు టీ తాగి గ్లాసు కింద పెట్టాకే బయలుదేరమని రెండు విజిళ్లు. ఒక విజిలు వినబడితే ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. అన్నిటికన్నా ముఖ్యం, నీ వెనకవాడు నీ అద్దంలో ఉండాలి. లేకపోతే నిదానించు, అప్పటికీ రాకపోతే ఆగు. ఇక్కడే చిక్కొచ్చింది. బండి కొన్న వారానికే ఖాదర్ అద్దాలు ఊడదీసి అటక మీద పెట్టాడు, అవి ఉంటే బండి పెళ్లయినవాడి బండిలా ఉంటుందని. నా అద్దం ఉంది గానీ అది నా క్రాపు వైపు తిరిగి ఉంది. మునెప్పన్న దాన్ని చేత్తో తిప్పుతూ అన్నాడు: "అద్దం నీ మూతి సూసుకునేదానికి కాదప్పా. నీ మూతి ఆడే ఉంటాది, యాడికీ పోదు."

మరుసటి ఆదివారానికి ఖాదర్ అద్దాలు అటక దిగాయి. చంద్ర బర్రెలకు నయమైంది. మోపెడ్ వెనక పోవలసి వచ్చిన ఖాదర్, ఈ దారిలో ఇన్ని ఊర్లున్నాయని ఇప్పుడే తెలిసిందని విసుక్కున్నాడు. మునెప్పన్న మహాత్ముడని అనుకోకండి. వెనక చూస్తానని ఎక్కి, ఊరు దాటగానే నా వీపు మీద తల ఆనించి గురక పెట్టేవాడు. స్పీడ్ బ్రేకరు దగ్గర లేచి, "ఉండాడా అద్దంలో?" అని అడిగి, "ఉండాడన్నా" అనగానే మళ్లీ డ్యూటీలోకి, అంటే నిద్రలోకి, పోయేవాడు.

ఇక మాయమైన మనిషి సంగతి. చంద్రకు కుప్పంలో పెళ్లిచూపులు. అంతకుముందు రెండు సంబంధాలు పాలబండి పిల్లోడని తప్పిపోయాయి. ఇదీ తప్పితే ఇక చూడొద్దని చంద్ర వాళ్ల నాయనతో చెప్పేశాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ ఆ నవ్వు మాకెవరికీ నచ్చలేదు. పెద్దవాళ్లు ముందురోజే బస్సులో పోయారు. రాహుకాలం రాకముందే పిల్లోణ్ణి తెచ్చి అప్పజెప్పే బాధ్యత మాది. మోపెడ్‌కు పాలక్యాన్లు తీసేసి, తెల్లచొక్కా వేసుకొచ్చిన చంద్ర బయలుదేరేటప్పుడే అడ్డం తిరిగాడు.

"అన్నా, ఈపొద్దు నేను ఎనక వస్తా. నేను ముందరుంటే మీరంతా నా మాదిరే ఈడ్సుకుంటా రావాల. మీరన్నా టైముకు పోయి కూసోండి. పిల్లోడు వస్తాండాడని చెప్పొచ్చు."

"నువ్వు లేకుండా మేం పోయి కూసుంటే, మాలోనే ఒకర్ని సూసుకుంటార్రా" అన్నాను.

మునెప్పన్న చాలాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఆయన ఒళ్లో పూలూ పండ్లూ ఉన్న బుట్ట ఉంది, వెనక్కి తిరిగే వీల్లేదు. "శీనా, అద్దం నీదే" అన్నాడు. ఖాదర్ ముందు, మేమిద్దరం నడుమ, చంద్ర చివర. పలమనేరు దాటాం. అడవి దారిలో మేక కూడా అయిపోయింది. బైరెడ్డిపల్లె వైపు పోతుంటే ఆయన అడుగుతూనే ఉన్నాడు. నేను అద్దంలో మోపెడ్ చూస్తూ "ఉండాడన్నా" అంటూనే ఉన్నాను. కాసేపటికి ఆ మోపెడ్ ఎడమకు తిరిగి ఒక పల్లెలోకి పోయింది.

"అన్నా, చంద్ర ఎడమకు పోయినాడు."

"ఆడేం పనిరా వాడికి?"

అప్పుడు చూశాను, పక్కకు తిరిగిన ఆ మోపెడ్‌కు రెండు పాలక్యాన్లు వేలాడుతున్నాయి. మీద ఎవరో పెద్దాయన, తలకు తుండు చుట్టుకుని. అంతదూరం మేము వేరే ఊరి పాలాయన్ని వెంటబెట్టుకుని వచ్చామన్నమాట. చంద్ర ఎక్కడ ఆగాడో, ఎప్పటి నుంచి లేడో తెలియదు.

నా చెవి పక్కనే విజిలు మోగింది. "హోల్డాన్!"

ముందు పోతున్న ఖాదర్ వెనక్కి వచ్చాడు. విషయం విని, "వస్తాడులే అన్నా, రాహుకాలం వచ్చేస్తాది" అన్నాడు, గొంతులో ధైర్యం లేకుండానే.

"పెండ్లికొడుకు లేకుండా మంచిగడియ పెట్టుకోని ఏం చేస్తావప్పా, నంజుకుంటావా? తిప్పు."

వచ్చిన దారే అయినా, వెనక్కి పోతుంటే దానికి చివర ఉన్నట్టు అనిపించలేదు. దేన్నయినా నవ్వులాటగా తీసిపారేసే నాకు ఆ దారంతా ఒక్క జోకు తోచలేదు. ఒక మలుపులో లారీ అడ్డంగా ఆగి ఉంది. చుట్టూ జనం వంగి వంగి చూస్తున్నారు. రోడ్డంతా ఎర్రగా ఉంది. మునెప్పన్న వేళ్లు నా భుజంలోకి దిగిపోయాయి. యాక్సిలేటరు వదిలేసి, స్కూటరు అదే ఆగేదాకా ఊరుకున్నాను. దగ్గరికి పోతే, ఎరుపంతా టమాటాలు. లారీ మీది పెట్టెలు జారిపడ్డాయి. జనం ఏరుకుంటున్నారు. కొంగునిండా టమాటాలున్న ఒకామెను మునెప్పన్న అడిగాడు: "అమ్మా, మోపెడ్ మీద ఒక పిల్లోడు..."

"తెల్లసొక్కా పిల్లోడా? ఆ బస్సు స్టాపు కాడ నిలబడుకోనుండాడు సూడు. బస్సెక్కు నాయనా అంటే నాకు బండుండాది అంటాడు. బండుంటే పోవచ్చు గదా. ఏం మనిషో!"

నిజంగానే ఉన్నాడు. స్టాపు నీడలో మోపెడ్ మీద కూర్చుని, ఇంజను ఆపకుండా, యాక్సిలేటరు మీద చెయ్యేసుకుని కుప్పం వైపు చూస్తున్నాడు. మేము వెనక నుంచి అరిస్తే ఉలిక్కిపడ్డాడు. ఏ బస్సో స్టాపుకు అడ్డం నిలిచినప్పుడు వాణ్ణి దాటే పోయామన్నమాట.

"ఏమైందిరా?"

"మీరే గదన్నా విజిలేస్తిరి."

నిదానంగా విషయం బయటపడింది. ఒక బస్సు చంద్రను దాటి మాకూ వాడికీ నడుమ చేరింది. ఈ స్టాపులో ఎవరో దిగాలని దాని కండక్టరు ఒక విజిలు వేశాడు. మునెప్పన్నే వేశాడనుకుని వీడు ఆగాడు. ఆ బస్సు మమ్మల్నీ దాటిపోయాక నా అద్దంలో కనబడింది ఆ పాలాయన మోపెడే.

"సరే, బస్సు పోయింది గదా. వాళ్లు రైట్ ఇచ్చినప్పుడు నువ్వూ రావచ్చు గదా?" అన్నాడు ఖాదర్.

"ఆయప్ప రెండు విజిళ్లు వెయ్యలేదన్నా. చేత్తో బస్సును తట్టినాడు. తట్టేది మన దాంట్లో లేదు గదా."

చంద్రే మళ్లీ అన్నాడు: "అద్దంలో లేకుంటే మీరు ఆగుతారు. ఆగితే ఎట్లయినా వస్తారు. నేను యాల భయపడాల?"

మునెప్పన్న బుట్టతో సహా స్టాపు అరుగు మీద కూలబడ్డాడు. ముఖం తుడుచుకున్నాడు. "మంచోడివిరా" అన్నాడు. వెంటనే, అది చాలా మెత్తగా వినిపించిందేమో, "ఇంజను ఆపి నిలబడుకోవచ్చు గదా, పెట్రోలు నీళ్లా?" అని అరిచాడు. తర్వాత కుప్పం వాళ్లకు తీసుకుపోతున్న అరటిపండ్లలోంచి ఒకటి వలిచి తిన్నాడు. మాకూ తలా ఒకటి ఇచ్చాడు. నా బతుకులో అంత తీయటి దొంగపండు తినలేదు. బయలుదేరుదామని ఆయన విజిలు నోట పెట్టుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు. నోరు అంతలా ఎండిపోయింది. సరేలే అని స్కూటరును చేత్తో రెండు తట్లు తట్టాడు. చంద్ర కదల్లేదు. మునెప్పన్న నీళ్లు తాగొచ్చి, సక్రమంగా రెండు విజిళ్లు వేశాకే మోపెడ్ కదిలింది. ఈసారి అదే ముందు.

కుప్పం చేరేసరికి రాహుకాలం హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. తల వంచుకుని లోపలికి పోతే, పిల్ల నాయన మాకన్నా ముందే చేతులు జోడించాడు. పెద్దమండ్యం నుంచి రావలసిన మేనమామకు బస్సు తప్పిందట. ఆయన రానిదే పిల్లను చూపించరట. ఎంతసేపు కూర్చోబెడుతున్నామోనని వాళ్లే బాధపడుతున్నారు. మునెప్పన్న కుర్చీలో సర్దుకుని, గొప్ప ఔదార్యంతో అన్నాడు: "దాందేముందప్పా, అందరూ వచ్చినాకే రైట్." తెల్లచొక్కా దుమ్మెందుకయిందని ఎవరో అడిగితే ఖాదర్ జరిగిందంతా చెప్పేశాడు. చంద్ర ముఖం వాడిపోయింది. ఈ సంబంధం కూడా పోయిందనుకున్నాను. లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. "వస్తారని నమ్మి నిలబడినాడంట గదమ్మా" అని వాళ్లమ్మతో అంటోంది ఆ అమ్మాయి. పేరు సుజాత. వాళ్లకిప్పుడు ఇద్దరు పిల్లలు, ఇంటిముందు మోపెడ్ లేదు, బర్రెలు మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి.

రిటైరయ్యాక మునెప్పన్న పలమనేరులో కూతురింటికి పోయాడు. రెండేళ్ల కిందట, నిద్రలోనే, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా దిగిపోయాడు. మేం ముగ్గురం పోయాం. పాడె మోసేవాళ్లు కుర్రాళ్లు, గబగబా నడుస్తున్నారు. వెనక ఆయన వయసువాళ్లు, పాత కండక్టర్లు, డ్రైవర్లు, ఆయాసపడుతూ వస్తున్నారు. ఖాదర్ వెనక్కి చూశాడు. పరుగెత్తుకుంటూ ముందుకు పోయి కుర్రాళ్లతో మెల్లగా ఏదో చెప్పాడు. పాడె ఆగింది. వెనకవాళ్లంతా కలిసి, ఊపిరి తీసుకున్నాకే కదిలింది. యమహా ఖాదర్ ఒక ఊరేగింపును నిదానించడం చూడ్డానికి మునెప్పన్న లేడు. ఉన్నా, ఆయన చూసేది వెనక్కే కదా.

నేనిప్పుడు ఎవరితో ఎక్కడికి నడిచినా నాలుగడుగులకోసారి వెనక్కి తిరుగుతాను. మా ఆవిడ నడక నిదానం. ఆమె వచ్చి, కూర్చుని, నీళ్లు తాగేదాకా లేవను. ఇది ప్రేమని ఆమె అనుకుంటోంది, నేనూ కాదనలేదు. బండి మీద మాత్రం అద్దమే ఆధారం. గతుకుల రోడ్డుకు దాని నట్టు వదులై వెనకున్న మనిషి ఊగిపోతుంటాడు. దాన్ని బిగించడానికి పద్నాలుగో నంబరు స్పానరు కావాలి. పదిహేను పట్టినట్టే ఉంటుంది గానీ జారిపోతుంది.