పెరట్లో గేటు పడింది

రైల్వేలో పట్టాల ఇన్‌స్పెక్టరుగా రిటైరైన కాశీరావుగారు విజయవాడలో తమ పెరట్లో బొమ్మరైలు కోసం జానెడెత్తు కట్ట పోస్తున్నారు. నల్లరేగడిని ఆయన నమ్మరు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. అందుకే దాన్ని తవ్విపోసి, కంకర పరిచి, రోజూ నీళ్లు చల్లి దిమ్మిసతో కొడతారు. ఓ పొద్దున చూస్తే కట్ట మీద కాలిముద్రలు! భార్య కనకలక్ష్మి మల్లెపొదకు వెళ్లే దారి అదే మరి. ఆయన కోప్పడలేదు. అక్కడ కట్టను రెండు వైపులా వాలుగా చేసి, వెదురుబద్దతో గేటు పెట్టారు. మర్నాడు ఆవిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గేటు దాటబోయింది.

"ఆగండమ్మా! గేటు పడింది, కనపడట్లేదా?" పాత అలవాటుగా అరిచారాయన.

"ఇంకా పట్టాలే వెయ్యలేదు కదండీ!"

"అయినా సరే."

కనకలక్ష్మి పూలబుట్టతో ఆగింది. కాశీరావుగారు ఎడమ నుంచి కుడికి మెల్లగా తల తిప్పి, ఆఖరిపెట్టె కూడా వెళ్లాక గేటెత్తారు.