నిద్రమేస్త్రి వీరప్ప

నౌబాద్‌లో రేకుల షెడ్డు వేసుకుని పాత కార్లు బాగుచేసే వీరప్ప, ఏ బండి వచ్చినా వెంటనే పానా పట్టడు. తెచ్చినవాళ్ళనే నడపమని, తను వెనక సీట్లో చేరి కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి తల ఒక పక్కకు వాలుతుంది. తెలియనివాళ్ళు నిద్రపోయాడనుకుంటారు. తెలిసినవాళ్ళూ అదే అనుకుంటారు. బీదర్ బజారులో అతనికి నిద్రమేస్త్రి అని పేరు పడిపోయింది. అందులో సగం నిజమే కాబట్టి అతను ఏనాడూ నొచ్చుకోలేదు.

వయసులో ఉన్నప్పుడు దుబల్గుండి వదిలి కొన్నేళ్ళు లారీల మీద తిరిగాడు. సరుకు బస్తాల మీద పడుకుని పోతుంటే, ఇంజను గొంతు కాస్త మారినా మెలకువ వచ్చేసేది. వంతెన దాటుతున్నారో, ఎత్తు ఎక్కుతున్నారో కళ్ళు తెరవకుండానే చెప్పేవాడు. తర్వాత హుమ్నాబాద్‌లో పని నేర్పిన ఉస్తాద్, వీరప్ప తొందరపడి నట్టు మీద చెయ్యి వేసినప్పుడల్లా పానా లాక్కుని, "పహలే సున్‌రే" అని కసిరేవాడు. ముందు వినమని. అరవై దాటినా వీరప్ప ఇంకా వింటూనే ఉన్నాడు.

ఆషాఢంలో ఒక పొద్దున, సన్నగా తుంపర పడుతుండగా మంజుష వచ్చింది. ఆమె పశువుల డాక్టరు. అత్తగారి వాళ్ళది బజారులో పప్పుల హోల్‌సేల్ దుకాణం. ఊళ్ళు తిరగడానికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత కారొకటి ఉంచుకుంది. వానకాలం చెరకు తోటల బురదలో దిగబడకుండా బయటపడేది ఆ బండి ఒక్కటే.

"మామా, అడుగున ఎక్కడ్నో ఠక్కుమంటది," అంది ఆమె. "మెల్లగ మలిపినప్పుడు వస్తది. రెండు షెడ్లల్ల చూపించిన. ఒకాయన షాఫ్టు జాయింటు మార్చిండు. ఇంకొకాయన రబ్బర్లన్నీ కొత్తయి ఏసిండు. ఆవాజ్ మాత్రం పోలే."

"వాళ్ళు నడిపినప్పుడు వచ్చిందా?"

"అదే గద మామా! వాళ్ళ చేతికిస్తే రాదు. ఇంట్ల బండి అమ్మెయ్యుమంటున్నరు. మా ఆయనైతే, ఖరాబైంది బండి కాదు, నీ చెవులే అంటుండు." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. కొన్నాళ్ళుగా ఆమెకూ ఆ అనుమానం పట్టుకుంది. ఇంట్లో తలుపు పడినా ఉలిక్కిపడుతోంది.

హళ్ళిఖేడ్ దగ్గర ఒక గేదె ఈనలేక కష్టపడుతోందని అప్పుడే ఫోను వచ్చింది. తిరిగి వచ్చాక చూపిస్తానని ఆమె అంటుంటే, వీరప్ప వెనక తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు.

"నడుపుండ్రి డాక్టరమ్మా. రోజూ ఎట్ల నడుపుతరో అట్లనే."

తడి రోడ్డు మీద టైర్లు సన్నగా సొద పెడుతున్నాయి. వీరప్ప కళ్ళు మూసుకున్నాడు. వైపర్ల ఊపు, కిటికీ సందులోంచి గాలి ఈల, సీటు కింద ఇంజను గుండె. ఒకదాని మీద ఒకటి పరుచుకున్న దుప్పట్లలాంటి ఆ చప్పుళ్ళను ఒక్కొక్కటే తొలగించుకుంటూ అతను లోపలికి దిగాడు. మలుపు దగ్గర బండి నెమ్మదించింది. ఠక్.

"విన్నరా మామా?" మంజుష గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది.

"విన్న. పోనీయుండ్రి."

ఇంకో మలుపులో మళ్ళీ ఠక్కుమంది. ఇనుము విరిగే చప్పుడు కాదది. బిగబట్టిన దాన్నేదో ఎవరో ఒక్కసారిగా వదిలేసినట్టుంది. దాన్నే తలుచుకుంటూ ఉండగా బండి తారు దిగి చెరకు తోటల మధ్య మట్టిబాట పట్టింది. ఆకులు రెండు పక్కలా అద్దాలను నిమురుతున్నాయి. మెత్తగా ఊగుతున్న ఆ పచ్చటి వెలుగులో వీరప్ప నిజంగానే నిద్రపోయాడు.

కలలో దుబల్గుండి వాకిలి కనిపించింది. తండ్రి జనపనారతో తాడు పేనుతున్నాడు. రెండో కొస తన చేతుల్లో ఉంది. తండ్రి తిప్పిన కొద్దీ తాడు బిగిసి, అరచేతుల్లో సన్నగా వణుకుతోంది. "ఇడువకు కొడుకా," అంటున్నాడు తండ్రి. ఎంతసేపని పట్టుకుంటాడు? వేళ్ళు జారాయి. మెలి అంతా ఒక్క ఉదుటున విడిపోయి, తాడు పాములా ఎగిరి నేలను కొట్టింది.

కళ్ళు తెరిచేసరికి బండి తోటలో ఆగి ఉంది. తుంపర వెలిసింది. మంజుష కొట్టం దగ్గర మోచేతుల దాకా కడుక్కుని వస్తోంది. ఆమె వెనక, ఇంకా ఆరని దూడ కాళ్ళు కూడదీసుకుని లేచే ప్రయత్నంలో ఉంది.

"డాక్టరమ్మా, మట్టిలకు దిగినంక ఆవాజ్ వచ్చిందా?"

ఆమె ఆలోచించింది. "రాలే. ఒక్కసారి గూడ రాలే."

వీరప్ప దిగి బండి చుట్టూ నడిచాడు. నాలుగు టైర్ల మీదా అరచెయ్యి పెట్టి తడిమాడు. వెనక ఎడమ టైరు దగ్గర ఆగాడు.

"ఇదెప్పుడు ఏయించిన్రు?"

"ఉగాదికి ముందు. పాతది చీలిపోతే ఒక్కటే కొత్తది ఏయించిన."

"ఆవాజ్ ఎప్పటిసంది?"

"గప్పటిసందే మామా," అంది ఆమె. కొలవడానికి ఏమన్నా ఉందా అని వీరప్ప అడిగితే, బ్యాగులోంచి కట్టు గుడ్డ చుట్ట తీసి ఇచ్చింది. చక్రాన్ని జాకీ మీద లేపి, కొత్త టైరు చుట్టూ దాన్ని చుట్టి, కొలత దగ్గర ముడి వేశారు. అంతే పొడవు గుడ్డ కుడి పక్క పాత టైరుకు చుడితే రెండు వేళ్ళ మేర మిగిలిపోయింది.

"నాలుగు చక్రాలు లోపల ఒకదానికొకటి కట్టేసి ఉన్నయమ్మా," అన్నాడు వీరప్ప. "మూడు అరిగి చిన్నగైనయ్, ఇదొక్కటి పెద్దగున్నది. తిరిగిన కొద్దీ లోపల మెలి పడుతది. తారు రోడ్డు టైరును జారనియ్యదు. మెలి పెరిగి పెరిగి, మలుపుల ఒక్కసారే ఇడుస్తది. బురదలనైతే టైరు జారుతది గన్క మెలి నిలువదు."

"మరి వాళ్ళకెందుకు రాలే?"

"షెడ్డు ముంగట నాలుగడుగులు నడిపి ఉంటరు. అంతల మెలి ఎక్కదు."

నౌబాద్ తిరిగొచ్చాక, తెలిసిన టైర్ల దుకాణంలో వెతికి, మిగతా మూడింటితో సరిపోయే అరిగిన టైరు ఒకటి తెచ్చి బిగించాడు. ఇద్దరూ మళ్ళీ అదే రోడ్డు మీదకు వెళ్ళారు. మొదటి మలుపు. రెండోది. మంజుష స్టీరింగు మీద వేళ్ళు బిగించి, చెవులు రిక్కించి తిప్పుతోంది. ఎనిమిదో మలుపు దాటాక బండిని పక్కకు ఆపి, అద్దం దించింది. తడిసిన నల్లరేగడి వాసన లోపలికి వచ్చింది.

"నా చెవులు మంచిగనే ఉన్నయ్ మామా," అంది చివరికి. కళ్ళు తుడుచుకుంది.

"నాకన్న మంచిగున్నయమ్మా. నాలుగూ ఒక్కసారే కొత్తయి ఏయించుండ్రి. లేకుంటే లోపల గేర్ల పండ్లు పాడైతయ్."

వారం తిరక్కుండానే ఆమె నాలుగు టైర్లూ వేయించింది. బండి అమ్మే మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఠక్కు ఆగిన రోజు వీరప్ప పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. భార్య బసమ్మ జొన్నరొట్టె కాలుస్తూ, పొద్దంతా ఎక్కడున్నావని అడిగింది.

"ఒక టైరు పెద్దదుండె."

"గంతేనా? దానికి దినమంత పట్టిందా?"

"గేదెకు దుడ్డె పుట్టింది గూడ," అన్నాడు వీరప్ప, పళ్ళెం ముందుకు జరుపుకుంటూ.