నేను చెప్పని రెండు రోజులు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. అది నా మాట కూడా కాదు. ఒక మనిషి నన్ను నమ్మి అప్పగించిన మాట. చేర్చాల్సిన చోట చేర్చలేదు. చేర్చానని వచ్చి చెప్పాను. నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు. ఎదురుపడితే నమస్తే పెట్టి "సారూ" అని పిలవరు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ చెమట పడుతుంది.

మాది కోదాడ వైపు ఊరు. సాగర్ కాలువ చివరి భూములు మావి. మా పైన ఇంకో ఊరుంది. వాళ్లు తమ తూములు మూస్తేనే మాకు నీళ్లు దిగుతాయి. ఎనిమిదేళ్ల కిందటి యాసంగిలో, అంటే రబీ పంటకు, కాలువలో నీళ్లు తగ్గాయి, వాళ్లు తూములు మూయలేదు. మావాళ్లు మూయడానికి పోయారు. కర్రలు లేచాయి. రెండు వైపులా తలలు పగిలాయి, రెండు వైపులా కేసులు పడ్డాయి. మా రైతులకు పెద్ద లింగన్న. ఆయన కూడా తలకు కుట్లతో సూర్యాపేట దవాఖానలో పడ్డాడు.

నేను ఊరి బడిలో టీచర్ని. లింగన్న అర్జీలు నేనే రాసేవాణ్ణి, ఆఫీసర్ల దగ్గర ఆయన తరఫున నేనే మాట్లాడేవాణ్ణి. రాజీ కోసం పైఊరి పెద్ద కోటేశ్వరరావు దగ్గరికి ఎవరిని పంపాలన్నప్పుడు ఆయన వేరే పేరు తలవలేదు. ఫోన్‌లో మాట్లాడదామంటే ఒప్పుకోలేదు. గొడవకు వారం ముందు ఆయన కోపంలో అన్న మాటను ఎవరో రికార్డు చేసి రెండూళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. కర్రల దాకా పోయింది దానివల్లే. అప్పటినుంచి ఏ కబురైనా మనిషి నోటితోనే, కాగితం కూడా లేకుండా. అంటే నేను ఏది చెబితే అదే లింగన్న మాట. సరిచూసుకునే దారి ఎవరికీ లేదు. ఆ సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసే పంపాడు.

మంచం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఎనిమిది రోజులల్ల నాలుగు రోజులు నీళ్లు అడుగు సారూ. ఇయ్యకుంటే మూడు. అది గూడ ఇయ్యకుంటే రెండు రోజులకన్న ఒప్పుకొని రా. వరి పొట్ట మీదున్నది. కేసు వాపసు తీసుకుంటమని చెప్పు. నా తల పగిలిన ముచ్చట ఎత్తకు. లింగడు తగ్గిండని ఎవలన్న నవ్వితే నవ్వనీ."

ఆ మాటలు మోసుకుని బస్టాండుకు వచ్చాను. అక్కడ మిర్యాలగూడ బస్సు ఎక్కుతూ లింగన్న తమ్ముడు సైదులు కనిపించాడు. ఎక్కడికని అడిగాను. "జర పనుండె సారూ" అని మొహం తిప్పుకున్నాడు.

మిర్యాలగూడలో కోటేశ్వరరావు వియ్యంకుడు ఉంటాడు, రైస్ మిల్లు ఆసామి. ఆయన మాట కోటేశ్వరరావు దాటడని మా వైపు అందరికీ తెలుసు. నాకు అంతా అర్థమైందనుకున్నాను. అసలు మాట అక్కడ నడుస్తుంది, నేను కోదాడలో కూర్చుని టీ తాగే బొమ్మను. ఇన్నేళ్లు ఎండల్లో తిరిగింది, ఆఫీసుల వరండాల్లో నిలబడింది, బడికి సెలవు పెట్టింది ఇందుకేనా? నన్ను మోసం చేశాడు. కోదాడ బస్సులో ఆ ఒక్క మాటే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపు కూడా వచ్చింది.

కోదాడలో ఒక హోటల్ వెనక గది. కోటేశ్వరరావు, వెంట నలుగురు. మర్యాదగానే కూర్చోబెట్టారు. నాలుగు రోజులు అడిగాను.

"నాలుగంటే మా పొలాలు ఏమైపోవాలి మాస్టారూ?" అన్నాడాయన. టీ గ్లాసు నా వైపు జరిపి, "మీ లింగన్న ఇంకేమైనా చెప్పి పంపాడా?" అని అడిగాడు.

అడిగాడు. అదే నన్ను తినేస్తుంది. ఆయన తలుపు మూయలేదు, తెరిచిపెట్టి మరీ అడిగాడు.

"ఏమీ లేదండి," అన్నాను. "నాలుగే. కాకపోతే రాజీ లేదన్నాడు."

ఏమనుకుని అలా అన్నాను? మా ఊరి పంట ఎండాలనా? కాదు. ప్రమాణం చేసి చెప్పగలను, కాదు. నేను లేనిదే పని కాదని లింగన్నకు తెలియాలనుకున్నాను. రెండ్రోజులు పోతే మళ్లీ నన్నే బతిమాలి పంపుతాడు, అప్పుడు మిగతా మాట చెప్పి రాజీ తెద్దాం, నా విలువ నాకు దక్కుతుంది అనుకున్నాను. పిల్లలకు పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పినవాడి తెలివి అది.

రెండో అవకాశం రాలేదు. మర్నాటికి తూముల దగ్గర పోలీసులు కూర్చున్నారు. పైఊరివాళ్లు ఇక మాటల్లేవన్నారు. దవాఖానకు వెళ్లి, "రెండు రోజులకు కూడా ఒప్పుకోలేదన్నా" అని చెప్పాను. లింగన్న కళ్లు మూసుకున్నాడు. సైదులు సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

వరి పొట్టలోనే ఎండింది. ఎండిన మళ్లల్లో బర్రెలను తోలారు. మూడెకరాలు కౌలుకు చేసిన యాదమ్మ, నా దగ్గర చదివిన పిల్ల తల్లి, మిర్యాలగూడలో మిల్లు పనికి వెళ్లిపోయింది. పోయేముందు పిల్ల టీసీ కోసం బడికి వచ్చింది. సంతకం చేసి ఇచ్చాను. నాకు జీతం వస్తుంది, బియ్యం బస్తాలో వస్తాయి.

ఊరి మీటింగులో ఒకరు లేచి సారు సరిగ్గా అడగలేదేమో అన్నారు. లింగన్న కట్టుతోనే నిలబడ్డాడు. "సారును అంటే నన్ను అన్నట్టే. తప్పు నాది" అన్నాడు. పెద్దరికం వదిలేసి కూర్చున్నాడు. నేను ముందు వరసలో ఉన్నాను. లేవలేదు.

అప్పటికి కూడా నన్ను నేను సముదాయించుకునేవాణ్ణి. ముందు మోసం చేసింది ఆయనే కదా అని. రెండేళ్ల తర్వాత సైదులు బండి వెనక కూర్చుని పోతుంటే, ఏదో మాటల్లో ఆ సంగతి దానంతటదే వచ్చింది.

"ఆ దినం అన్న నన్ను మిర్యాలగూడ తోలిండు సారూ. 'మా సారు ఒక్కడే పోతున్నడు, ఆయన మీద చెయ్యి పడొద్దు' అని వియ్యంకుని కాడ మాట తీసుకురమ్మన్నడు. కాళ్లు పట్టుకొనైనా తెమ్మన్నడు. నీకు తెలిస్తే భయపడ్తవని చెప్పనియ్యలే."

బండి ఆపమన్నాను. మూత్రానికని చెప్పి కాలువ గట్టు దిగి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఒకటి మాత్రం ఆలోచిస్తుంటాను. సైదులు నిజంగానే నన్ను దాటి రాజీ మాట్లాడటానికి వెళ్లి ఉంటే? అప్పుడైనా ఎండింది లింగన్న పొలం ఒక్కటేనా? యాదమ్మ నన్నేం చేసింది? అలక నాది, పంట ఊరందరిది. ఇంత చిన్న లెక్క ఆ బస్సులో నాకు ఎందుకు తట్టలేదు?

ఈ యాసంగిలో మళ్లీ నీళ్లు తగ్గాయి. పోయిన వారం లింగన్న మా ఇంటికి వచ్చాడు, కర్ర పట్టుకుని. "సారూ, మళ్ల నువ్వే పోవాలె. నీ మాట మీదనే నాకు నమ్మకం" అన్నాడు. మోకాళ్ల నొప్పి అన్నాను. ఆయన నా మోకాలు పట్టి చూసి, నూనె రాయమని చెప్పి వెళ్లాడు.

ఆయనకు చెప్పే ధైర్యం ఇవాళ్టికి లేదు. రేపటి సంగతి తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ లింగన్న పంపిన మాట ఇది: నాలుగు రోజులు. ఇవ్వకపోతే మూడు. అదీ ఇవ్వకపోతే రెండు రోజులకైనా ఒప్పుకుంటాం, కేసు వాపసు తీసుకుంటాం. చేరాల్సిన చోటు ఇది కాదు. అయినా ఎనిమిదేళ్లకు మొత్తం చెప్పాను.